అప్‌డేట్ పడకపోతే ఫార్మాట్ కొట్టించాలా?

కొత్త ల్యాప్‌టాప్ డబ్బా మీద 512 జీబీ అని రాసి ఉంటుంది. ఇంటికి తెచ్చి, ఆన్ చేసి, సీ డ్రైవ్ చూస్తే 475 జీబీయో 476 జీబీయో కనబడుతుంది. మిగతాది షాపువాడు కొట్టేశాడా అని అనుమానపడేవాళ్లున్నారు. పాపం, అతని తప్పేమీ లేదు. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. తేడాలో చాలా భాగం ఆ లెక్క దగ్గరే వస్తుంది. అయితే ఆ లెక్క సరిచూసుకున్నాక కూడా ఓ జీబీ అటూ ఇటూ ఎక్కడా తేలదు. అది డిస్కులోనే ఉంది. సీ, డీ లాంటి అక్షరం పెట్టలేదు కాబట్టి మన కంటికి కనిపించదు. అలా కనిపించకుండా ఉండే భాగాల్లో ఒకటి రికవరీ పార్టిషన్. మామూలు రోజుల్లో దాని ఊసే మనకు పట్టదు. విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి, ఎంతసేపు తిరిగినా పడక, ఎర్ర అక్షరాల్లో ఏదో నంబరు చూపించినప్పుడు మాత్రం దాని సంగతి తెలుసుకోవాల్సి వస్తుంది.

ముందు దాని పనేమిటో చూద్దాం. విండోస్ పాడైపోయి లేవలేని స్థితికి వస్తే దాన్ని బాగుచేయడానికి ఇంకో విండోస్ కావాలి కదా. ఆ ఇంకో విండోస్‌ను బాగా చిన్నది చేసి, ఒకే ఫైలుగా కుదించి, ఈ పార్టిషన్‌లో పెడతారు. ఆ ఫైలు పేరు విన్‌ఆర్‌ఈ డాట్ విమ్. కారు డిక్కీలో స్టెప్నీ ఎందుకుంటుందో ఇదీ అందుకే ఉంటుంది. వరసగా రెండుసార్లు బూట్ అవ్వడం విఫలమైతే కంప్యూటర్ తనంతట తానే దీన్ని పైకి తెస్తుంది. నీలం తెర మీద 'చూజ్ యాన్ ఆప్షన్' అని వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్‌లోకి వెళితే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రీస్టోర్, అప్‌డేట్ తీసేయడం, మొత్తం రీసెట్ కొట్టడం, అన్నీ ఉంటాయి. కంప్యూటర్ బాగున్నప్పుడు కూడా షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ కొడితే ఈ తెర చూడొచ్చు.

ఇక అసలు కథ. 2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఒక అప్‌డేట్ పంపింది. దాని నంబరు కేబీ5034441. విండోస్‌లో ఒక లోపం బయటపడింది. బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కును, ల్యాప్‌టాప్ చేతికి చిక్కించుకున్నవాడు ఈ రికవరీ తెర గుండా వెళ్లి చదివే వీలుందని తేలింది. ఆ లోపానికి సీవీఈ-2024-20666 అని నంబరు పెట్టారు. దాన్ని పూడ్చాలంటే రికవరీ పార్టిషన్‌లో ఉన్న ఆ చిన్న విండోస్‌ను మార్చాలి. మార్చాలంటే అక్కడ 250 ఎంబీ ఖాళీ ఉండాలి. లక్షణమైన ఆలోచనే. కానీ విండోస్ 10 వచ్చిన తొలి సంవత్సరాల్లో ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తం సైజే 450 నుంచి 530 ఎంబీ మధ్య ఉండేది. అందులో చాలా వరకు ఆ విమ్ ఫైలే ఆక్రమించుకుని ఉంటే 250 ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్‌డేట్ డౌన్‌లోడ్ అయింది, మొదలైంది, ఆగిపోయింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగిపోయింది. రికవరీ పార్టిషన్ అసలే లేని కంప్యూటర్లకు కూడా అదే గోల.

తెర మీద వచ్చిన నంబరు చెబుతాను, రాసుకోండి: సున్నా, ఎక్స్, ఎనిమిది, సున్నా, సున్నా, ఏడు, సున్నా, ఆరు, నాలుగు, మూడు. చివర ఉన్న 643ను మామూలు దశాంశ లెక్కలోకి మారిస్తే 1603 అవుతుంది. విండోస్‌లో ఎన్నాళ్ల నుంచో ఉన్న కోడ్ అది. ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏదో ఘోరం జరిగింది, పని ఆగిపోయింది అని దాని అర్థం. అంతకు మించి ఏమీ చెప్పదు. డాట్‌నెట్ అప్‌డేట్ పడకపోయినా ఇదే వస్తుంది, డిఫెండర్ అప్‌డేట్ పడకపోయినా ఇదే రావచ్చు. నిజానికి అక్కడ 'డిస్కులో చోటు చాలలేదు' అని రావాలి. ఎర్రర్ కోడ్ చూపించే భాగంలోనే పొరపాటు ఉండడం వల్ల అసలు కారణం బదులు ఈ నంబరు వస్తోందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. అంటే జబ్బు ఒకటి, చీటీ మీద రాసింది ఇంకొకటి. చోటు చాలలేదని తిన్నగా చెప్పి ఉంటే సగంమంది భయపడేవాళ్లు కాదు.

మన దగ్గర ఇలాంటప్పుడు వినిపించే సలహా ఒక్కటే. ఫార్మాట్ కొట్టించెయ్, కొత్తగా విండోస్ వేయించెయ్. షాపులో అడిగినా, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాణ్ణి అడిగినా అదే మాట. అది పనిచేయదని అనను. డిస్కు మొత్తం తుడిచి కొత్తగా వేస్తే పార్టిషన్లు కూడా కొత్త కొలతలతో తయారవుతాయి, ఆ ఎర్రర్ పోతుంది. కానీ 250 ఎంబీ చోటు కోసం పెళ్లి ఫొటోలు, ట్యాలీ డేటా, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టుకోవాలా? పైగా డీ డ్రైవ్‌లో డేటా ఉందని చెప్పి సీ ఒక్కదాన్నే ఫార్మాట్ చేయిస్తే, పక్కనున్న ఆ బుల్లి పార్టిషన్ అలాగే మిగిలిపోయి, డబ్బులిచ్చి ఇంటికొచ్చాక పాత నంబరే మళ్లీ పలకరించినా ఆశ్చర్యం లేదు.

ఫార్మాట్ మాట ఎత్తే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి హిస్టరీ తెరవండి. విఫలమైన అప్‌డేట్ ఏదో పేరు, కేబీ నంబరుతో సహా ఉంటుంది. అది రికవరీకి సంబంధించినది కాకపోతే ఇప్పుడు నేను చెప్పబోయేదేదీ మీకు వర్తించదు. మిగతా అప్‌డేట్లన్నీ పడుతూ ఇదొక్కటే పడకపోతే, మీ విండోస్ ఆరోగ్యానికి ఢోకా లేదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ అని కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, ఆ స్లాష్ వెంటనే ఇన్ఫో అని కొట్టి ఎంటర్ నొక్కండి. రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో. ఇది దేన్నీ మార్చదు, చెరపదు, చూపించి ఊరుకుంటుంది కాబట్టి భయం లేకుండా ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. వచ్చే జవాబులో మొదటి వరసలో విండోస్ ఆర్‌ఈ స్టేటస్ ఎనేబుల్డ్ అని ఉంటే స్టెప్నీ సిద్ధంగా ఉన్నట్టు. దాని కింద వరసలో హార్డ్‌డిస్క్ 0, పార్టిషన్ 4 లాంటి చిరునామా కూడా ఇస్తుంది. ఆ అంకె కాగితం మీద రాసుకోండి. ముందుముందు ప్రాణం నిలబెట్టేది ఆ అంకే. డిసేబుల్డ్ అని వస్తే ఒకసారి అదే కమాండ్‌ను ఇన్ఫో బదులు ఎనేబుల్ అని కొట్టి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. 256 జీబీ డిస్కు తీసి పెద్ద ఎస్ఎస్‌డీ వేయించి, పాతదాన్ని క్లోన్ చేయించుకున్నవాళ్లకు తరచుగా ఇదే పరిస్థితి ఉంటుంది. చిరునామా మారింది, విండోస్‌కు కొత్త చిరునామా తెలియలేదు. ఇమేజ్ దొరకలేదు అని వస్తే ఆ విమ్ ఫైలే ఎక్కడో పోయిందన్నమాట. విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్లోంచి దాన్ని తీసి పెట్టాలి. అది కాస్త తెలిసినవాళ్ల పని.

డిస్క్ మేనేజ్‌మెంట్ కూడా తెరిచి చూడొచ్చు. అక్కడ డిస్కు మొత్తం పెట్టెలు పెట్టెలుగా కనబడుతుంది. అయితే అది రికవరీ పార్టిషన్ల విషయంలో ఒక అబద్ధం చెబుతుంది, జాగ్రత్త. వాటి పక్కన నూటికి నూరు శాతం ఖాళీ అని రాస్తుంది. అక్షరం లేని పార్టిషన్ లోపల ఏముందో అది చూడదు కాబట్టి అలా రాస్తుంది. ఖాళీయే కదా, ఎందుకు దండగ అని వేరే సాఫ్ట్‌వేర్లతో దాన్ని చెరిపేసి సీలో కలిపేసుకున్నవాళ్లు ఎందరో. కంప్యూటర్ మొరాయించిన రోజున ఆ నీలం తెర రాదు. అప్పుడు గానీ చెరిపింది ఏమిటో తెలియదు.

ఇప్పుడు చోటు పెంచే సంగతి. పెంచడం తేలికా కష్టమా అన్నది ఆ పార్టిషన్ సీ డ్రైవ్‌కు ముందుందా, వెనకుందా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. విండోస్ ఒక డ్రైవ్‌ను తగ్గించమంటే కుడి చివర నుంచే తగ్గిస్తుంది, పెంచమన్నా కుడివైపునున్న ఖాళీలోకే పెంచుతుంది. రికవరీ పార్టిషన్ సీకి కుడి పక్కనే ఉంటే, సీలోంచి కాస్త తగ్గించి, దీన్ని చెరిపి, ఆ చోటు కూడా కలుపుకుని మళ్లీ కట్టొచ్చు. సీకి ఎడమవైపున, డిస్కు మొదట్లో ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. సీ వెనకాల కొత్త రికవరీ పార్టిషన్ కట్టుకోవాలి. తొలినాళ్ల విండోస్ 10 దాన్ని ముందు పెట్టేది. 2020లో వచ్చిన 2004 వెర్షన్ నుంచి శుభ్రంగా వేస్తే వెనక పెడుతుంది. పెంచుకోవాల్సిన రోజొకటి వస్తుందని ఎవరో ఆలస్యంగానైనా ఆలోచించారన్నమాట.

మైక్రోసాఫ్ట్ అప్పట్లో ఇచ్చిన పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ముందు రీఏజెంట్‌సీతో రికవరీని డిసేబుల్ చేస్తారు. అప్పుడు విమ్ ఫైలు సీ డ్రైవ్‌లోని సిస్టమ్32 కింద రికవరీ ఫోల్డర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌తో సీని 250 ఎంబీ తగ్గిస్తారు. పాత రికవరీ పార్టిషన్‌ను చెరిపి, కలిసొచ్చిన చోటులో కొత్తది కట్టి, ఫార్మాట్ చేసి, చివర మళ్లీ ఎనేబుల్ చేస్తారు. ఫైలు వెనక్కి వెళ్లి కొత్త చోట సర్దుకుంటుంది. వినడానికి నాలుగు ముక్కలే. కానీ మధ్యలో 'ఇది రికవరీ పార్టిషన్' అని డిస్కుకు చెప్పడానికి 32 అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు ఒకటి కొట్టాలి. దాన్ని రేడియోలో చదివి మిమ్మల్ని రాసుకోమంటే రేపు మా స్టేషన్ ముందు ధర్నా జరుగుతుంది. అంతకంటే ప్రమాదం డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ అనే కమాండ్. డిస్క్‌పార్ట్ 'నిజంగా చెరపమంటారా?' అని అడగదు. ఒక అంకె తప్పుగా ఎంచుకుంటే ఫొటోలతో సహా డీ లాంటి డేటా డ్రైవే పోవచ్చు. అందుకే ఇందాక ఆ అంకె రాసుకోమన్నాను.

నా అభిప్రాయం దాచుకోను. ఇంట్లో ఉత్తరాలు, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు చూసుకునే మనిషికి ఒక అప్‌డేట్ పంపి, అది పడాలంటే డిస్కును నువ్వే కోసుకో అని చెప్పడం అన్యాయం. తర్వాత కొన్ని నెలలకు, దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదని మైక్రోసాఫ్ట్ తేల్చి చెప్పింది. చివరికి 2024 ఆగస్టులో దాని స్థానంలో ఇంకో అప్‌డేట్ తెచ్చి, చోటు చాలని కంప్యూటర్లకు దాన్ని అసలు చూపించకుండా చేసింది. ఎర్రర్ కనిపించకుండా పోయింది, లోపం మాత్రం ఆ కంప్యూటర్లలో అలాగే ఉంది. మరి అందరూ దీన్ని బాగుచేసుకోవాలా అంటే, అక్కర్లేదు. ఆ లోపం వల్ల నష్టం బిట్‌లాకర్ తాళం ఉన్నవాళ్లకే. తాళమే వేయని డిస్కును చదవడానికి దొంగకు ఈ దొడ్డిదారి అవసరం లేదు. ఆఫీసు డేటా పెట్టుకుని రైళ్లలో, బస్సుల్లో తిరిగే ల్యాప్‌టాప్ అయితే బాగుచేయించుకోవాలి. ఇంట్లో టేబుల్ మీంచి కదలని పాత కంప్యూటర్‌కు దీని కోసం డిస్క్‌పార్ట్ జోలికి వెళ్లడం నేనైతే ఒప్పుకోను.

బిట్‌లాకర్ మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. తాళం వేసినట్టు మనకే తెలియని కంప్యూటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. అలాంటి కంప్యూటర్‌లో రికవరీ తెరలోంచి సీ డ్రైవ్‌ను ముట్టుకోవాలంటే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది గుంపులు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో, రికవరీ కీస్ పేజీలో దాచి ఉంటుంది. పార్టిషన్ల మీద చెయ్యి వేసే ముందే దాన్ని ఫోన్లో కాకుండా కాగితం మీద రాసిపెట్టుకోండి. అబ్బాయి పేరు మీద, ఎప్పుడో వాడి కాలేజీ ఈమెయిల్‌తో తెరిచిన అకౌంట్ అయితే, వాడు అమెరికా వెళ్లిపోయి ఆ ఈమెయిల్ మూతపడకముందే ఈ పని చేయించండి.

ఆ తాళంచెవి లేకపోతే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చెడ్డ ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఎర్రర్ చూపించే నీలం తెర దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. మందు చాలా చిన్నది. రికవరీ తెరలోకో సేఫ్ మోడ్‌లోకో వెళ్లి ఒక్క ఫైలు చెరిపేయడం. కానీ చాలా కంప్యూటర్ల దగ్గరికి మనిషి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. తాళం ఉన్నచోటల్లా 48 అంకెలు కొట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బ తర్వాతే రికవరీ తెర తనే ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి మందు తెచ్చుకునేలా క్విక్ మెషిన్ రికవరీ అనే ఏర్పాటును విండోస్ 11లో పెట్టారు.

అలాగని రికవరీ ఉంది కదా అని గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. 2025 అక్టోబర్ 14న, సరిగ్గా విండోస్ 10కు మద్దతు ఆగిపోయిన రోజే, విండోస్ 11కు వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ ఇంకో చిత్రం చేసింది. విండోస్‌లో మౌసు, కీబోర్డు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. రికవరీ తెరలోకి వెళ్లగానే యూఎస్‌బీ మౌసు కదలదు, యూఎస్‌బీ కీబోర్డు పలకదు. తెర మీద అన్నీ కనిపిస్తుంటాయి, ఏదీ నొక్కలేం. టచ్ స్క్రీన్ ఉన్నవాళ్లు, పాతకాలపు గుండ్రటి పిన్ను కీబోర్డు ఇంకా దాచుకున్నవాళ్లు గట్టెక్కారు. ఆరు రోజులకు, 20న, దిద్దుబాటు అప్‌డేట్ వచ్చింది. కానీ అది విండోస్ లేచిన కంప్యూటర్‌లోనే కదా పడేది! అప్పటికే లేవకుండా పడిపోయిన కంప్యూటర్ ఉన్నవాళ్లకు ముందే తయారుచేసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ లాంటివే దిక్కయ్యాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ చేసుకోవచ్చు. దాంట్లోంచి బూట్ చేసినా అదే రిపేర్ తెర వస్తుంది. పెద్ద అప్‌డేట్ పడ్డాక ఒకసారి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, నీలం తెరలో మౌసు కదులుతోందో లేదో చూసి వెనక్కి రావడం నాకు అలవాటైంది.

ఇంకో రకం రికవరీ పార్టిషన్ ఉంది, దాన్ని దీనితో కలగలపకండి. ల్యాప్‌టాప్ కంపెనీలు తమ సొంత ఫ్యాక్టరీ కాపీని పది, ఇరవై జీబీల పార్టిషన్‌లో పెట్టి ఇస్తుండేవి. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9 నొక్కితే వచ్చేది అదే. విండోస్ 10తో కొని 11కు అప్‌గ్రేడ్ చేసుకున్నా, ఆ పార్టిషన్ మాత్రం కొన్న రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దాన్ని నొక్కితే కొత్త విండోస్, మీ డేటా రెండూ పోయి, కంపెనీవాడు అంటగట్టిన ట్రయల్ యాంటీవైరస్‌తో సహా పాత రోజులు తిరిగొస్తాయి. విండోస్ 8 నాటి ల్యాప్‌టాప్ అయితే విండోస్ 8కే వెళుతుంది. దాని తర్వాతి 8.1కి కూడా మద్దతు 2023 జనవరితో ముగిసింది. చిన్న డిస్కు, చోటుకు కటకట ఉంటే ఈ పెద్ద పార్టిషన్‌ను తీసేయడంలో అర్థముంది. ముందు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసిపెట్టుకుని, అది బూట్ అవుతోందని చూసుకున్నాకే.

మిగిలింది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండు మూడు రికవరీ పార్టిషన్లు కనిపించేవాళ్ల సంగతి. అదేమీ వైరస్ కాదు. పెద్ద అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు పాత పార్టిషన్ చాలకపోతే విండోస్ సెటప్ సీ డ్రైవ్ చివర కాస్త కోసి కొత్తది కట్టుకుంటుంది, పాతదాన్ని తీసేయకుండా వదిలేస్తుంది. రీఏజెంట్‌సీ చూపించిన అంకె ఉన్నది పనిలో ఉన్నది, ఇందాకటి కంపెనీ పార్టిషన్ కాకుండా మిగతావి ఉత్తవి. ఉత్తవి తీసేయొచ్చా అని అడుగుతారు. తీసేయొచ్చు, డిస్క్‌పార్ట్‌తో, ఇందాక చెప్పిన ప్రమాదాలన్నీ భరించి. అన్నీ చేశాక వచ్చేది 450 ఎంబీ. సీ డ్రైవ్‌కు ఎడమవైపున ఉంటే ఆ 450 కూడా సీలో కలవదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో రెండేళ్ల నుంచి పడి ఉన్న ఒక సినిమా తీసేస్తే అంతకు రెట్టింపు చోటు వస్తుంది, సినిమా తీసేయడానికి డిస్క్‌పార్ట్ అక్కర్లేదు.